పద్దెనిమిది తడకల మంద

ఆ ఎండాకాలం మా నాయిన నాతో పదకొండు రోజులు మాట్లాడలేదు. కోపం మా ఇంట్లో కొత్త కాదు. నాకూ ఆయనకూ అది ముక్కు మీదే ఉంటుంది, వచ్చినంత తొందరగా పోతుంది కూడా. ఇది అట్లాంటిది కాదు. నీళ్లిస్తే తాగాడు, ఎదురొస్తే పక్కకు తప్పుకున్నాడు, మాట మాత్రం లేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

కారణం నేనే. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, నేను తయారుచేసిన ఒక ఫారం.

ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో నేను పనిచేసే కంపెనీ మా టీము మొత్తాన్ని ఒకే ఒక్క మెయిలుతో ఇంటికి పంపించేసింది. హాస్టల్ గదిలో కూర్చుని గోడలు చూడటం నావల్ల కాక వికారాబాద్‌లో మా ఇంటికి వచ్చేశాను. రెండేళ్లు యూఎక్స్ డిజైనర్‌గా చేశాను, ఇకమీదట సొంతంగా వెబ్‌సైట్లు చేస్తాను, ఇంట్లో ఉండే చేస్తాను అని చెప్పాను. మా అమ్మ హన్మమ్మ చాటలో కందిపప్పు చెరుగుతోంది. తలెత్తకుండానే అడిగింది.

"అంటె ఏం పని బిడ్డా గది?"

"ఫోన్ల జనం ఏడ తికమక పడుతున్నరో చూసి, గది సరిజేస్త."

"ఫోన్లు రిపేర్ జేస్తవా? గదానికి గన్ని సదువులెందుకే?"

నాయిన నవ్వాడు. మా నాయిన బిచ్చయ్య గొర్రెలు కాస్తాడు, వాళ్ల నాయినా కాశాడు. ఆయన నవ్వాడని నాకు ఒళ్లు మండింది. చూస్తుండండి అనుకున్నాను. పైకి కూడా అన్నాననుకుంటా.

మొదటి పని తాండూరులో దొరికింది. డాక్టర్ పద్మారాణి అని పశువుల డాక్టరు. ఉద్యోగం మానేసి ఒక వ్యాను కొనుక్కుని, మందల దగ్గరికే వెళ్లి టీకాలు వేయడం మొదలుపెట్టింది. ప్యాసింజర్ ఎక్కి తాండూరు వెళ్లాను. ఆమె గది కింద బండల పాలిష్ మిషన్ నడుస్తోంది. ఆ మోతలో ఇద్దరం అరుచుకుంటూ మాట్లాడుకున్నాం.

"చిటుకు రోగం తెలుసు గద నీకు?" అంది.

తెలుసు. తొలి వానలకు మొలిచిన లేత గడ్డి మేసిన గొర్రె, పొద్దున గంతులేసింది మధ్యాహ్నానికి పడిపోతుంది. మందు ఇచ్చే వ్యవధి కూడా ఉండదు. వాన పడకముందే సూది పడాలి.

"అందుకే మృగశిర లోపల బంట్వారం, బొంరాస్‌పేట మండలాలు అయిపోవాలె నాకు. రోజంతా ఫోన్ ఎత్తుడుతోనే సరిపోతుంది. వాళ్లే ఫోన్ల నింపుకునేటట్టు ఒక పేజీ చేసియ్. పేరు, ఊరు, గొర్లు ఎన్ని. గంతే."

"గొర్లు ఎన్నున్నయో ముందే ఎందుకు మేడం?"

"ఒక్కో సీసల వంద గొర్లకు సరిపోను మందుంటది. మూత తీస్తే ఆ రోజే అయిపోవాలె, లేకుంటే పారబోసుడే. తక్కువ తీస్కపోతే మళ్లొక్కసారి నలభై కిలోమీటర్లు తిరగాలె. లెక్క లేకుంటే నాకు పని నడవదు."

పది రోజుల్లో చేసిచ్చాను. అందమైన పేజీ. మొదటి తెరమీద పేరు, రెండోదానిమీద ఊరు, మూడోదానిమీద పెద్ద అక్షరాలతో 'మీ దగ్గర ఎన్ని గొర్రెలు ఉన్నాయి?' రాయడం రానివాళ్లు మాట్లాడితే చాలు, పేరైనా ఊరైనా అదే రాసుకుంటుంది. దాన్ని చూసి నేనే మురిసిపోయాను. ఈ ఒక్కటి బాగా నడిస్తే దీన్ని చూపించి ఇంకో నాలుగు పనులు తెచ్చుకోవచ్చు, ఇంట్లోనే ఉండిపోవచ్చు అనేది నా ఆశ. ఆ ఆశ ఎవరికీ చెప్పలేదు. ఎందుకంటే అప్పటికే హైదరాబాద్‌లో ఇంకో కంపెనీ ఉద్యోగం ఇస్తామంది. మే నెల చివరి సోమవారం లోపల వస్తానో రానో చెప్పాలి. అమ్మ అప్పుడే సంచి సర్దడానికి సిద్ధంగా ఉంది.

రెండు వారాల్లో రెండువందల పన్నెండు మంది పేజీ తెరిచారు. చివరిదాకా నింపినవాళ్లు తొమ్మిది మంది. మిగతా అందరూ మూడో తెర దగ్గర ఆగిపోయి వెనక్కి వెళ్లిపోయారు.

అక్షరాలు పెద్దవి చేశాను. రంగు మార్చాను. ఎండకు తెర కనిపించడం లేదేమో అనుకుని నలుపు మీద తెలుపు పెట్టాను. పగిలిన వేళ్లతో మీటలు నొక్కడం కుదరడం లేదేమో అని మీటలను అరచేయంత చేశాను. ఏం చేసినా మూడో తెర దాటిన పాపాన పోలేదు ఒక్కరూ. ఇంతలో పద్మారాణి ఫోన్ చేసింది.

"బొంరాస్‌పేట దగ్గర జంగప్ప అనేటాయన ఫారంల పది గొర్లని కొట్టిండు. పోయి చూస్తే రెండొందలకు తక్కువ లేవు. మందు సగానికే అయిపోయింది. ఆయన నా మీద ఎగురుతుండు, నువ్వేమో రంగులు మారుస్తున్నవ్. నెలాఖరు దాకా చూస్త సింధుజా. గప్పటికీ గిట్లనే ఉంటే నేను మళ్లీ నా పాత నోటుబుక్కు పట్టుకుంట."

మా వృత్తిలో ఒక నియమం ఉంది. ఎవరి కోసం చేశామో ఆ మనిషి చేతికి ఇవ్వాలి, పక్కన కూర్చోవాలి, నోరు మూసుకుని చూడాలి. సాయం చేయకూడదు, తొందరపెట్టకూడదు. హైదరాబాద్‌లో కొత్తగా చేరినవాళ్లకు ఈ పాఠం నేనే చెప్పేదాన్ని. గొర్రెల కాపరిని ఇంట్లో పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నానేమిటని, ఆ సాయంత్రం నాయిన మందను దొడ్లోకి తోలి వచ్చి మంచం మీద కూర్చోగానే ఆయన ఫోన్‌లో పేజీ తెరిచి చేతికిచ్చాను.

పేరు చెప్పాడు. ఊరు చెప్పాడు. ఫోన్ తన పేరు రాసిందని సంబరపడి అమ్మను పిలిచి చూపించాడు. మూడో తెర వచ్చింది. చదివాడు. బొటనవేలు గాలిలో ఆగిపోయింది.

"జర పక్కకు వెట్టు. తర్వాత జూస్త."

"ఏమాయె నాయినా? సమజైతలేదా?"

"సమజైంది."

"మరి కొట్టు. ఎన్నున్నయో గన్ని."

"కొడ్త తీయ్. ఆకలైతుంది."

నోరు మూసుకుని చూడాల్సిన చోటు అదే. నేను చూడలేదు. పద్మారాణి మాటలు చెవుల్లో మోగుతున్నాయి. ఫోన్ ఆయన చేతిలోంచి లాక్కున్నాను.

"ఇటియ్, నేనే కొడ్త. నిన్న దొడ్లకు వోతుంటె లెక్కవెట్టిన. నూట ముప్పై ఏడు."

గట్టిగానే అన్నాను, గోడ అవతల వాళ్లకు కూడా వినిపించి ఉంటుంది. నాయిన చేయి ఇంకా అట్లాగే చాచి ఉంది. మెల్లగా ఫోన్ తీసుకుని మంచం మీద బోర్లా పెట్టాడు. తువ్వాల భుజాన వేసుకుని దొడ్డి దగ్గరికి వెళ్లాడు. అన్నం అక్కడికే తెప్పించుకుని తిన్నాడు.

నాలుగో రోజు రెండు గొర్రెపిల్లలు చచ్చిపోయాయి. ఏప్రిల్‌లో పడ్డ అకాల వానకు కోసిన జొన్నచేలో పిలకలు వచ్చాయి, అవి మేసి ఉంటాయని పద్మారాణి ఫోన్‌లోనే చెప్పింది. లేత జొన్న పిలకలు విషమని ఇంట్లో అందరికీ తెలుసు. అయినా అమ్మ నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేదు. ఆ మర్నాడే నాయిన మందను తోలుకుని బంట్వారం వైపు వెళ్లిపోయాడు. విత్తనాల ముందు రైతులు ఎరువు కోసం చేలల్లో మందలు పెట్టించుకుంటారు, ఏటా వెళ్లేదే. కానీ ఈసారి వెళ్తూ నాతో పోయొస్తానని చెప్పలేదు.

"లెక్క జెప్తరా ఎవలన్న?" అంది అమ్మ, ఆయన మలుపు తిరిగాక. "మందను లెక్కవెట్టం బిడ్డా. ఒక్కొక్కదాని మొఖం జూసి గుర్తువడ్తం. ఏది రాలేదో తెలుస్తది గని, ఎన్నొచ్చినయో నోటితోని అనం. దిష్టి. నీ నాయిన నాతోని సుత ఎన్నడు అనలే."

"మరెవలన్న అడిగితె?"

"ఉన్నయ్ తీ అంటం. సర్కారోళ్లడిగితె అయిదో పదో అంటం."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "గీ ముచ్చట నాకెవలు జెప్పిన్రే? ఆరో తరగతిల హాస్టల్ల ఏసిన్రు. సెలవులకొస్తె సదువుకో సదువుకో అన్నరు. నాకెట్ల తెలుస్తది?"

నేను లోపలికి వెళ్లి తొమ్మిది మంది నింపిన ఫారాలు మళ్లీ తెరిచాను. అయిదు, పది, పది, అయిదు. నేను అందమైన అక్షరాలతో రెండువందల పన్నెండు మందిని అడగరానిది అడిగాను. గొర్రెల కాపరి కూతురిని అయి ఉండి అడిగాను.

కారణం తెలిసింది కానీ దారి తెలియలేదు. లెక్క లేకుండా పద్మారాణి మందు తీసుకెళ్లలేదు, లెక్క అడిగితే వీళ్లు చెప్పరు. ఆ పేజీ ముందు వారం రోజులు కూర్చున్నాను. పేజీ పక్కన హైదరాబాద్ కంపెనీ వాళ్ల మెయిల్. అమ్మ రోజూ సాయంత్రం నాయినకు ఫోన్ చేసేది. "బిడ్డ తిన్నదా" అని అడగడం నాకు వినిపించేది. ఫోన్ నాకిమ్మని మాత్రం ఆయన అనలేదు, నేనూ అడగలేదు. మొండితనంలో ఇద్దరం ఇద్దరమే.

పదకొండో రోజు పచ్చడీ రొట్టెలూ కట్టుకుని అమ్మ బంట్వారం బయల్దేరింది. నేనూ వస్తానన్నాను. బస్సు దిగి మత్తయ్య అనే రైతు చేను చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. వేపచెట్టు కింద నాయినా మత్తయ్యా బేరంలో ఉన్నారు. నన్ను చూసి నాయిన కళ్లు ఒక్క క్షణం ఆగాయి, మళ్లీ మత్తయ్య వైపు తిరిగాయి. మేం కాస్త దూరంలో కూర్చున్నాం.

"నాది రెండెకరాల చెల్క," అంటున్నాడు మత్తయ్య. "ఎన్ని దినాలు వెడ్తవ్? మంద ఎంతది?"

ఇప్పుడేం చెప్తాడు?

"పద్దెనిమిది తడకలది," అన్నాడు నాయిన.

"గట్లనా. అయితె దినాం జాగ మారిస్తె బగ్గనే అయితది."

అంతే. బేరం ముందుకు సాగింది. మత్తయ్య ఎన్ని గొర్రెలని అడగలేదు, ఆయనకు అవసరం రాలేదు. పక్కన చేలో మంద చుట్టూ వెదురు తడకలు నిలబెట్టి ఉన్నాయి. చిన్నప్పుడు ఆ తడకల సందుల్లోంచి గొర్రెపిల్లలకు ఆకులు తినిపించేదాన్ని. ఒక్కసారి కూడా వాటిని లెక్కపెట్టలేదు.

మత్తయ్య వెళ్లాక రొట్టెల మూట విప్పాను. ఎట్లా అడగాలో మనసులోనే రెండుసార్లు చెప్పుకుని, చివరికి నేలవైపు చూస్తూ అడిగాను.

"నాయినా, పోయినేడు సూదులేసినప్పుడు మన మందకు ఎన్ని సీసలు వట్టింది?"

ఆయన రొట్టె తుంచాడు. పచ్చడి అద్దుకున్నాడు. నమిలాడు.

"సీసన్నర," అన్నాడు.

"గప్పుడు సుత పద్దెనిమిది తడకలేనా?"

"ఊఁ."

అమ్మ కొంగుతో మొఖం తుడుచుకుంటున్నట్టు అటు తిరిగింది. నేను సంచిలోంచి కాగితం తీసి అక్కడే గీయడం మొదలుపెట్టాను. ఒక తడక, దాని పక్కన ఇంకో తడక, గుండ్రంగా దొడ్డి. ఎన్ని తడకలకు ఎన్ని సీసాలో పక్కన రాసుకున్నాను. నాయిన తింటూ తింటూ వంగి చూశాడు.

"అందరికి తడకలేడున్నయ్? ఇప్పుడందరు వల కడుతున్నరు."

"మరి వలోళ్లనేం అడగాలె?"

"గుంజలడుగు. ఎన్ని గుంజలు వాతినవని." ఇంకో రొట్టె అందుకుంటూ అన్నాడు. "పిల్లలు మస్తుగున్నయా కొన్నే ఉన్నయా గది సుత అడుగు. పిల్లలకు తక్కువ వడ్తది మందు."

నేను రాసుకున్నాను. ఆ రోజు మా ఇద్దరి మధ్య నడిచిన మాటలన్నీ తడకలూ గుంజలూ సీసాల గురించే. అలిగినదాని గురించి ఆయన అనలేదు, తప్పయిందని నేనూ అనలేదు. ఉద్యోగం సంగతి అమ్మ ఎత్తబోతే, "దానికెట్ల బుద్ధివుడితె గట్ల" అని లేచి గొర్రెల్లోకి వెళ్లిపోయాడు. పొమ్మన్నాడో ఉండమన్నాడో నాకు అర్థం కాలేదు. బస్సులో దారంతా అదే తిప్పి తిప్పి ఆలోచించాను.

రెండు రోజుల్లో మూడో తెర మార్చేశాను. ఒక్క అంకె లేదు. ఖాళీ నేల బొమ్మ, కింద తడక బొమ్మ, గుంజ బొమ్మ. నొక్కినకొద్దీ ఒక్కోటి లేచి దొడ్డి కట్టుకుంటూ పోతుంది. దొడ్డి పూర్తయితే చాలు. పద్మారాణికి మాత్రం ఎన్ని సీసాలో కనిపిస్తుంది. తీసుకెళ్లి చూపిస్తే ఆమె ఫోన్‌నూ నన్నూ మార్చి మార్చి చూసింది.

"నేను గొర్లకు సూదులేస్త తల్లీ, తడకలకు కాదు."

"ఒక్క వారం చూడండి మేడం. తప్పయితే నేనే మీ నోటుబుక్కు రాస్త కూసొని."

"మీవోళ్లు లెక్క చెప్పరని ముందే ఎందుకు చెప్పలే నాకు?"

"నాకు తెల్వదు మేడం," అన్నాను. ఆ మాట అనడం కష్టమైంది.

వారంలో నూట ముప్పై మంది దొడ్లు కట్టారు. పద్మారాణి లెక్క వేసుకుని వెళ్లిన ప్రతిచోటా సీసాలు కాస్త అటూ ఇటూగా సరిపోయాయి. బొంరాస్‌పేట జంగప్ప ఆమె దగ్గర నా నంబరు తీసుకుని ఫోన్ చేశాడు. ఆయనది సగం కన్నడం, సగం తెలుగు.

"నీనే ఏనమ్మా ఇది చేసింది? మీ అప్ప ఏం జేస్తడు?"

"గొర్లు కాస్తడు."

"హౌదా, గదే అనుకున్న. మావోళ్లు తప్ప వేరేటోళ్లు గిట్ల అడగరు."

ఫోన్ పెట్టేశాక ఒక్కదాన్నే వంటింట్లో నిలబడి కాసేపు నవ్వుకున్నాను. మరుసటి రోజు తాండూరులోనే ఒక విత్తనాల దుకాణం వాళ్లు తమకూ ఒక పేజీ కావాలని కబురు పంపారు. ఉండిపోవడానికి అది సరిపోతుందా? సరిపోదని అమ్మ. సరిపోతుందని నేను. నాయిన ఇంకా బంట్వారంలోనే ఉన్నాడు, ఫోన్‌లో నా ఉద్యోగం సంగతి తప్ప అన్నీ మాట్లాడుతున్నాడు.

మే చివరి సోమవారం వచ్చింది. రాత్రి దక్షిణం దిక్కున మెరిసిందని అమ్మ అంది. పదకొండు గంటలకు హైదరాబాద్ కంపెనీ నుంచి ఫోన్ వస్తుంది. ఏం చెప్పాలో తేలక, తొమ్మిదింటికి కొత్తగా వచ్చిన దొడ్లు చూస్తూ కూర్చున్నాను. పేజీ చివర 'డాక్టరుకు ఇంకేమైనా చెప్పాలా?' అని ఒక గడి ఉంది. మైకు నొక్కి మాట్లాడితే అదే రాసుకుంటుంది. చాలామంది ఖాళీ వదిలేస్తారు. కొందరు చెరువుకట్ట మీదుగా రమ్మంటారు, ఒకాయన చాయ్ తాగి వెళ్లమన్నాడు.

పొద్దున ఆరు గంటలకు బంట్వారం నుంచి ఒకటి వచ్చి ఉంది. పేరు బిచ్చయ్య. దొడ్డి చుట్టూ పద్దెనిమిది తడకలు, ఒక్కటి కూడా తక్కువ కాకుండా. ఆ దొడ్డి ఎవరి సాయమూ లేకుండా ఆయన ఒక్కడే కట్టాడు. చివరి గడి నిండిపోయి, కింద ఇంకా ఉందని బాణం గుర్తు చూపిస్తోంది. నొక్కాను.

"డాక్టరమ్మా కుక్కను కట్టేస్త ఫికర్ జెయ్యకు. మా సింధుజ నీ తానికొస్తె జర చెప్పు. నేను కోపం జెయ్యలే. బిడ్డకు మన మంద సంగతి తెల్వదంటె తప్పు నాదే, హాస్టల్ల ఏసింది నేను. నాకే మొఖం జెల్లలే దానితోని మాట్లాడనీకె. ఐద్రబాద్ పోతనంటె పొమ్మను. నేనేమనుకోను. ఉంటె మంచిగుంటది."

రెండోసారి చదవడానికి కళ్లు కనిపించలేదు. ఆ గడిలో ఏం చెప్పినా మొదట చూసేది నేనేనని నాయినకు తెలియదు. డాక్టరమ్మ చూడకముందే చెరిపేద్దామా అనుకున్నాను. చెరపలేదు. బుధవారం వ్యాను వస్తుందని ఆయనకు మెసేజ్ పంపి, మొఖం కడుక్కుని వచ్చి కూర్చున్నాను.

పదకొండుకు ఫోన్ మోగింది. చాలా మర్యాదగా మాట్లాడే అమ్మాయి. రావడం లేదండీ అన్నాను.

"అయ్యో. కారణం తెలుసుకోవచ్చా మేడం? ఫారంలో నింపాలి. జీతమా? వేరే కంపెనీనా? దూరమా?"

"అవేం కాదండి. ఇక్కడ ఉంటే మంచిగుంటది."

అటువైపు కీబోర్డు చప్పుడు ఆగిపోయింది. ఆ అమ్మాయి ఏ గడి నొక్కాలో వెతుకుతోందని నాకు తెలుస్తూనే ఉంది. ఆ ఫారం చేసినవాళ్లు ఇలాంటి జవాబు వస్తుందని అనుకుని ఉండరు.

"ఇతర కారణాలు అని పెట్టనా మేడం?"

పెట్టమన్నాను.